జనం డబ్బుతో పూర్తయిన పనులకి జనం ఓటుతో అవార్డు: ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి తర్వాత

అవార్డు పని మొదలుపెట్టాం. పదిమంది దగ్గరా కొంచెం కొంచెం పోగేసిన డబ్బుతో, అంటే క్రౌడ్ ఫండింగ్‌తో పూర్తయిన తెలుగు పనులు, అవి షార్ట్ ఫిల్ములు కావచ్చు, కవితా సంపుటాలు, కామిక్స్, పాటల ఆల్బమ్‌లు, జానపద గేయాల రికార్డింగులు ఏవైనా కావచ్చు, వాటిలో కొన్నింటిని ఏటా ఎంచి గౌరవించాలి. ఆ ఎంపిక కూడా నలుగురు పెద్దవాళ్లు గదిలో కూర్చుని కాకుండా, చూసినవాళ్లూ చదివినవాళ్లూ ఓటేసి చేయాలి. టీమ్ చిన్నదే. హైదరాబాద్‌లో నేను, విజయవాడలో లెక్కలు చూసే అక్క, గుంటూరు నుంచి కోడ్ రాసే తమ్ముడు, పోస్టర్లు వేసే ఇద్దరు స్నేహితులు. రేపు ఎవరైనా తమ జిల్లాలోనో తమ రంగంలోనో ఇలాంటిది పెట్టాలనుకుంటే మేం ఎక్కడెక్కడ ఆగి ఆలోచించామో వాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాసిపెడుతున్నా.

జనం డబ్బుతో కళ నడవడం మనకి కొత్తేం కాదు. ఊళ్లో హరికథ చెప్పించాలన్నా, చవితి పందిట్లో నాటకం వేయించాలన్నా చందాలే. సినిమాకొస్తే 1976లో శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ కోసం గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. 2013లో కన్నడంలో పవన్ కుమార్ ‘లూసియా’ని వంద మందికి పైగా ఇచ్చిన డబ్బుతో, దాదాపు 50 లక్షలతో తీశాడు. 2018లో తెలుగులో ‘మను’ కూడా ఇదే దారిలో వచ్చింది. ఇలాంటివాటి గురించి ఎక్కడ చదివినా ఎంత వచ్చింది, ఎంతమంది ఇచ్చారు అన్న లెక్కలే ముందుంటాయి. చిన్న ప్రాజెక్టుల విషయంలో ఆ తర్వాతి సంగతి అస్సలు తెలియదు. పుస్తకం అచ్చయిందా, ఇచ్చినవాళ్లకి చేరిందా, చేరితే ఎలా ఉంది? ఎవరూ అడగరు. మా అవార్డు ఆ ప్రశ్న కోసమే. అందుకే మొదటి రూల్‌గా ఇది పెట్టుకున్నాం: పని పూర్తయి, డబ్బిచ్చినవాళ్ల చేతికి చేరి ఉండాలి. సగంలో ఉన్నది ఎంత గొప్పగా కనిపించినా నామినేషన్ తీసుకోం.

జనవరి చివర్లో: ఎవరు అర్హులు

ఈ రూల్స్ రాయడం అనుకున్నదానికంటే ఎక్కువ టైమ్ తీసుకుంటోంది. ఇలా డబ్బు పోగేసుకునే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్ 2009లో అమెరికాలో మొదలైంది, కానీ ఇండియాలో ఉన్నవాళ్లు దాంట్లో సొంతంగా ప్రాజెక్టు తెరవడానికి లేదు. కొందరు మన దేశపు ప్లాట్‌ఫామ్‌ల మీద పెడతారు. చాలామంది మాత్రం ఒక పోస్టు, దాంట్లో యూపీఐ క్యూఆర్ కోడ్, కింద గూగుల్ ఫామ్, అంతే. కాబట్టి ‘ఫలానా ప్లాట్‌ఫామ్‌లో పేజీ ఉండాలి’ అని రూల్ పెడితే సగం తెలుగు పనులు గుమ్మంలోనే ఆగిపోతాయి. అది మాకు ఇష్టం లేదు.

ప్లాట్‌ఫామ్ పేజీ లేనప్పుడు నిజంగా జనం దగ్గర తీసుకున్నారని ఎలా నమ్మాలి? మూడు అడుగుతున్నాం. పని పూర్తికాక ముందు బహిరంగంగా చేసిన విజ్ఞప్తి, అంటే తేదీతో ఉన్న పోస్టో వీడియోనో. ఇచ్చినవాళ్ల జాబితా. పూర్తయిన పని. జాబితాలో ఫోన్ నంబర్లు మాకు పంపే ముందు ఆ మనుషుల్ని అడిగి ఒప్పించుకోవాలని సృష్టికర్తలకి గట్టిగా చెప్పాం.

ప్రీ-ఆర్డర్ సంగతి మీద రెండు సాయంత్రాలు వాదించుకున్నాం. ఇప్పుడు చిన్న ప్రచురణకర్తల్లో చాలామంది ముందే డబ్బు తీసుకుని దాంతోనే ప్రింటింగ్ ప్రెస్‌కి కడుతున్నారు. అది క్రౌడ్ ఫండింగేనా? నా అభిప్రాయం, అవును. ఆ డబ్బు రాకపోతే పుస్తకం రాదు అన్నప్పుడు ఇచ్చినవాళ్లు కొనుగోలుదారులు మాత్రమే కాదు, రిస్క్ తీసుకున్నవాళ్లు. ఆల్రెడీ అచ్చయి గోడౌన్‌లో ఉన్న పుస్తకాన్ని డిస్కౌంట్‌తో ‘ముందస్తు బుకింగ్’ అని అమ్మితే మాత్రం కాదు. ప్రెస్ బిల్లు తేదీ, విజ్ఞప్తి తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

లాభంలో వాటా ఇస్తామని డబ్బు తీసుకున్నవాటిని పక్కనపెట్టాం. అది పెట్టుబడి. కంపెనీల చట్టం 2013 కింద ప్రైవేట్ కంపెనీ ఏడాదిలో 200 మందికి మించి షేర్లు ఆఫర్ చేయడానికి లేదు, వాటా ఇచ్చే క్రౌడ్ ఫండింగ్ మీద షేర్ మార్కెట్లని నియంత్రించే సెబీ 2014లో చర్చాపత్రం కూడా వేసింది. ఆ తగువులు తేల్చే స్తోమత మాకు లేదు. డబ్బుకి బదులు పుస్తకమో, సినిమా టికెట్టో, టైటిల్స్‌లో పేరో ఇచ్చినవి, ఏమీ ఆశించకుండా ఇచ్చినవి మాత్రమే తీసుకుంటాం.

జాబితాలోంచి కొందరికి ఫోన్ చేసి కనుక్కోవడం నా వంతు. ఈ పని ఎవరికైనా అప్పజెప్పేయవచ్చు గానీ నేను వదులుకోను. పొలం పాటల పుస్తకానికి డబ్బిచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారికి ఫోన్ చేశాను. పుస్తకం అందిందా సార్ అని అడిగితే, “అందింది నాయనా, ఆర్నెల్లు ఆలస్యంగా అందింది. అయితే ఏమైంది, మా అమ్మ పాడే నాట్ల పాట అందులో ఉంది, ఒక చరణం తప్పు పడింది, అది వాళ్లకి చెప్పు” అని ఆ చరణం ఫోన్లోనే పాడి వినిపించారు. రాసుకుని ఆ పుస్తకం చేసినవాళ్లకి పంపించాను, రెండో ముద్రణలో సరిచేస్తామన్నారు.

ఆలస్యం గురించి అక్కడే ఒక నిర్ణయానికి వచ్చాం. ఇలాంటి పనుల్లో ఆలస్యం మామూలే. ఆర్టిస్ట్‌కి వేరే ఉద్యోగం ఉంటుంది, కాగితం ధర పెరుగుతుంది, డబ్బింగ్ ఆగిపోతుంది. ఆలస్యమైందని ఎవర్నీ తీసేయం. కానీ డబ్బు తీసుకుని ఇచ్చినవాళ్లకి నెలల తరబడి ఒక్క మెసేజ్ కూడా పెట్టనివాళ్లు, అడిగితే ఫోన్ ఎత్తనివాళ్లు, వాళ్ల పని ఎంత బాగున్నా మా జాబితాలో ఉండదు.

ఫిబ్రవరి: ఓటు ఎవరిది

అసలు టెన్షన్ ఇక్కడుంది. మొదట అందరం అనుకున్నది, డబ్బు ఇచ్చినవాళ్లే ఓటేయాలి, వాళ్లకే ఆ హక్కు అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒక ప్రాజెక్టుకి 800 మంది ఇచ్చారనుకోండి, ఇంకోదానికి 60 మంది. ప్రతివాళ్లూ తాము ఇచ్చినదానికే ఓటేస్తారు కాబట్టి ఫలితం ఓటింగ్‌కి ముందే తెలిసిపోయినట్టు. ఎక్కువమంది దగ్గర తీసుకోగలిగినవాళ్లకి ఇంకో దండ వేయడం తప్ప అందులో పని గురించి ఏమీ తేలదు.

సరే, అందరికీ ఓటు ఇద్దాం అంటే? అప్పుడు ఎవరికి పెద్ద వాట్సాప్ గ్రూపులు ఉంటే వాళ్లది గెలుపు. కులసంఘం గ్రూపు, కాలేజీ అల్యుమ్ని గ్రూపు, అభిమాన సంఘం గ్రూపు. లింక్ ఫార్వర్డ్ అవుతుంది, “మనవాడు, ఒక్క ఓటు వేయండి” అని. వేసేవాళ్లు ఆ పుస్తకం అట్ట కూడా చూసి ఉండరు.

బయట ఎలా చేస్తున్నారో చూద్దామని సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డుల కథంతా చదివాను. అక్కడ ఓటేయాలంటే వరల్డ్‌కాన్ అనే ఏటా జరిగే సైన్స్ ఫిక్షన్ సదస్సు సభ్యత్వం ఉండాలి, దానికి డబ్బు కట్టాలి. అయినా 2015లో ఒక వర్గం ముందే జాబితాలు తయారుచేసుకుని నామినేషన్లని నింపేసింది. దానికి మిగతా ఓటర్లు కోపంతో ఐదు విభాగాల్లో ‘ఎవరికీ వద్దు’ అనే గడికే ఎక్కువ ఓట్లేశారు. తర్వాత నామినేషన్లు లెక్కించే పద్ధతినే మార్చుకున్నారు, 2017 నుంచి అది అమల్లో ఉంది. 2024లో గ్లాస్గోలో జరిగినప్పుడు 377 ఓట్లు కొట్టేశారు. ఆ ఓటర్ల పేర్లలో కొన్ని వరుస అంకెల పేర్లకి అనువాదాలట, ఇంకొన్నింటిలో ఇంటిపేరు అంతా అదే ఉండి దాని మొదటి అక్షరం మాత్రం అక్షరమాల వరుసలో మారుతూ పోయిందట. సభ్యత్వానికి కనీసం 45 పౌండ్లు, అంటే ఎవరో ఆ ఓట్ల కోసం చాలానే ఖర్చుపెట్టారన్నమాట. నిర్వాహకులు ఆ సంగతంతా ఫలితాలకి ముందే బయటపెట్టారు, ఆ ఓట్లవల్ల లాభపడేవాళ్లకి ఈ విషయం తెలుసనడానికి ఆధారం లేదు కాబట్టి వాళ్లని పోటీలోంచి తీసేయలేదు, దొంగ ఓట్లని మాత్రం తీసేసి లెక్కపెట్టారు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. ఎవరో చేసిన పనికి సృష్టికర్తని శిక్షించకూడదు.

ఇది చదివాక ఒక సంగతి ఖాయం చేసుకున్నాం. ఫీజు పెడితే దొంగ ఓట్లు ఆగవు, డబ్బు లేని నిజమైన పాఠకులు ఆగిపోతారు. కాబట్టి ఓటు ఫ్రీ, అందరికీ. గ్రూపుల బలం తగ్గించడానికి రెండు మార్గాలు పట్టుకున్నాం. ఒకటి, ఓటర్ల ముందు అన్ని పనులనీ పెట్టడం. రెండోది, లెక్కించే పద్ధతి.

మార్చి: ప్రాధాన్యతా ఓటు

తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ చదివినవాళ్లకి ఈ పద్ధతి తెలుసు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తాం, పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే వేయాలి. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ కావలసినన్ని ఓట్లు రాకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాళ్లని తీసేసి, ఆ ఓట్లని వాటి మీదున్న తర్వాతి ప్రాధాన్యానికి ఇస్తారు. 2021లో నల్గొండ–ఖమ్మం–వరంగల్ స్థానంలో 71 మంది పోటీచేస్తే ఈ ఎలిమినేషన్ రోజుల తరబడి సాగింది, టీవీల ముందు కూర్చున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రాష్ట్రపతి ఎన్నిక కూడా ఈ రకమే.

మాకు ఇదెందుకు కావాలో చెప్తాను. ఒక విభాగంలో 100 ఓట్లు పడ్డాయనుకోండి, కామిక్‌కి 40, పాటల ఆల్బమ్‌కి 35, కథల పుస్తకానికి 25. మామూలు లెక్కలో కామిక్ గెలిచింది, అయిపోయింది. కానీ 60 మంది దానికి వేయలేదు కదా. ప్రాధాన్యాల లెక్కలో ముందు కథల పుస్తకం పోతుంది, దాని 25 మందిలో 20 మంది రెండో ప్రాధాన్యం ఆల్బమ్‌కి, 5 మంది కామిక్‌కి ఇచ్చారనుకుంటే ఆల్బమ్ 55, కామిక్ 45. ఒక గ్రూపు గట్టిగా వేసిన 40 ఓట్లు చాలవు, ఆ గ్రూపు బయటివాళ్లు కూడా ‘ఇదీ బాగుంది’ అనుకోవాలి. పనిని అందరూ చూడటానికి ఇంతకంటే మంచి కారణం ఇంకేం ఇవ్వగలం?

అక్క ఒక సందేహం లేపింది. “ఒక్కటే నచ్చినవాళ్లు ఏం చేయాలి? బలవంతంగా 2, 3 వేయించొద్దు” అంది. నిజమే. ఒక్కదానికే వేసినా ఓటు చెల్లుతుంది. ఆ పని పోటీలోంచి పోయిందంటే ఆ ఓటు అక్కడితో ఆగుతుంది. అలాగే అన్ని పేర్ల కింద ‘వీటిలో ఏదీ కాదు’ అని ఒక గడి పెట్టాం. మన ఈవీఎంలలో 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నోటా వచ్చింది గానీ దానికి ఎన్ని ఓట్లు వచ్చినా మిగతావాళ్లలో ముందున్నవాళ్లే గెలుస్తారు. మా దగ్గర అలా కాదు, ఆ గడి గెలిస్తే ఆ ఏడు ఆ విభాగంలో అవార్డు ఉండదు. దీనికి పోస్టర్ల స్నేహితుడు ఒప్పుకోలేదు, కష్టపడి పని చేసినవాళ్లని అవమానించినట్టు అవుతుందన్నాడు. అతని బాధ నాకు అర్థమైంది, కానీ ఆ గడి లేకపోతే ఇష్టంలేనివాళ్లు ఓటింగ్‌కే రారు, వచ్చిన ఓట్లకి విలువ తగ్గుతుంది. ఉంచాం.

ఏప్రిల్: బ్యాలెట్ పేజీ

ఎమ్మెల్సీ ఎన్నికల్లో ప్రతిసారీ వేలల్లో ఓట్లు చెల్లకుండా పోతాయి. చదువుకున్నవాళ్లే టిక్ పెడతారు, 1 అంకెనే ఇద్దరికి వేస్తారు, 1 వేయకుండా 2 వేస్తారు. మా పేజీలో ఆ తప్పు చేయడానికి వీలే ఉండకూడదని తమ్ముడితో చెప్పాను.

మొదట పేర్లని వేలితో పట్టుకుని పైకీ కిందకీ జరిపేలా చేశాడు. చూడటానికి బాగుంది. మా పెద్దమ్మకి ఫోన్ ఇచ్చి ఓటేయమన్నాను. ఆవిడ వేలు పెట్టి జరపబోతే పేజీ మొత్తం పైకి పోతోంది. రెండుసార్లు చూసి, “ఇదేంట్రా, పట్టుకుంటే పారిపోతోంది” అని ఫోన్ పక్కన పెట్టేసింది. తమ్ముడు ఆ రాత్రే మార్చేశాడు. ఇప్పుడు పేరు మీద నొక్కితే చాలు, మొదట నొక్కినదానికి 1, తర్వాతదానికి 2 వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది, మిగతా అంకెలు వాటంతటవే సర్దుకుంటాయి. కింద పెద్ద అక్షరాలతో ‘మీ మొదటి ఎంపిక: ఫలానా, రెండో ఎంపిక: ఫలానా, సరేనా?’ అని అడుగుతుంది. పెద్దమ్మ ఈసారి ఎవర్నీ అడగకుండా వేసేసింది. కళ్లు కనిపించనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లకి కూడా జరిపే పద్ధతికంటే ఇదే అనువు.

పేర్ల వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుంది. పైనున్న పేరుకి ఊరికే కొన్ని ఓట్లు ఎక్కువ పడే అలవాటు అందరికీ ఉంటుంది, అక్షరక్రమం పెడితే ‘అ’తో మొదలయ్యేవాళ్లకి ఉత్తి పుణ్యానికి లాభం.

ఇక ఒక మనిషికి ఒక ఓటు. పోలింగ్‌లో అయితే వేలి మీద సిరా ఉంది, మైసూర్ పెయింట్స్ వాళ్లది, 1962 ఎన్నికల నుంచి వాడుతున్నారు. ఆన్‌లైన్‌లో అలాంటిది లేదు. ఫోన్ ఓటీపీ పెడదామంటే ఎస్సెమ్మెస్ పంపడానికి టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వేదికలో సంస్థ పేరు, పంపే పేరు, మెసేజ్ టెంప్లేట్ అన్నీ నమోదు చేయాలి, ప్రతి మెసేజ్‌కీ ఖర్చు. మాలాంటి చిన్న గుంపుకి ఈ ఏటికి అంత అవసరం లేదనుకుని ఈమెయిల్‌కి కోడ్ పంపే పద్ధతి పెట్టాం. దీంట్లో ఒక కిటుకు అందరూ తెలుసుకోవాలి: జీమెయిల్‌లో పేరు మధ్య చుక్కలు ఎక్కడ పెట్టినా, పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏం రాసినా అన్నీ ఒకే ఇన్‌బాక్స్‌కి వస్తాయి. అంటే ఒక్క జీమెయిల్‌తో వంద చిరునామాలు తయారుచేసుకోవచ్చు. తమ్ముడు ఓటు తీసుకునే ముందే చుక్కలూ ప్లస్ తర్వాతదీ తీసేసి సరిచూసేలా రాశాడు. గంటలో పోయే తాత్కాలిక మెయిల్ సర్వీసుల జాబితా ఒకటి పెట్టుకుని వాటినీ ఆపాం.

ఈమెయిల్ అలవాటు లేని పెద్దవాళ్లకి, ముఖ్యంగా జానపద పనులకి డబ్బిచ్చిన ఊళ్లవాళ్లకి, లైబ్రరీల్లో మేం పెట్టే ప్రదర్శనల దగ్గర కాగితం బ్యాలెట్ ఇస్తాం, రిజిస్టర్‌లో సంతకం పెట్టి వేయాలి.

కొట్టేసే కారణాలు కూడా ఓటింగ్ తెరవక ముందే రాసి అందరికీ కనిపించేలా పెట్టాం. తర్వాత రాస్తే ఎవరికోసమో రాసినట్టుంటుంది.

మే: ముందు చూపించాలి

ఈ అవార్డులో నాకు అన్నిటికంటే ముఖ్యం ఇది. ఓటు అడగడం తేలిక, చూపించడం కష్టం. ఫైనల్‌కి వచ్చిన ప్రతి పనినీ ఎవరైనా ఉచితంగా చూసేలా ఒక మూట తయారుచేశాం: పుస్తకమైతే మొదటి కథో కొన్ని కవితలో, కామిక్ అయితే మొదటి అధ్యాయం, ఆల్బమ్ అయితే రెండు పాటలు, షార్ట్ ఫిల్మ్ అయితే పూర్తిగా. సృష్టికర్తలు రాసిచ్చిన అనుమతి లేకుండా ఒక్క పేజీ కూడా పెట్టలేదు. ఒకరు ఒప్పుకోలేదు, తన పుస్తకం ముక్కలుగా చదివేది కాదన్నారు. ఆయన ఇష్టం. బదులుగా ప్రతులు నాలుగు లైబ్రరీలకి ఇచ్చారు, అక్కడ చదువుకోవచ్చని పేజీలో రాశాం.

వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, ఆ కాలపు గ్రంథాలయాలు అలా జనం పూనికతో లేచినవే. అలాంటి చదువుగదుల్లో మళ్లీ జనం డబ్బుతో వచ్చిన పుస్తకాలు బల్ల మీద పరిచి ఉంటే చూడటానికి నాకు చాలా సంతోషంగా ఉంది. ఒక పాత రీడింగ్ రూమ్‌లో షార్ట్ ఫిల్ములు వేసిన సాయంత్రం పేపర్ చదవడానికి వచ్చిన ముసలాయన ఒకరు కుర్చీ తిప్పుకుని అన్నీ చూశారు. అయ్యాక బ్యాలెట్ తీసుకుని, ఒక సినిమాకి 1 వేసి, “రెండోది ఆలోచించి చెప్తా” అని కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఓటుని అంత శ్రద్ధగా వేసేవాళ్లు దొరికితే ఇంకేం కావాలి.

ఓటు అడగకూడదని మేం అనలేదు. సృష్టికర్తలు తమ పని గురించి నలుగురికీ చెప్పుకోవాల్సిందే. కానీ ఓటేసి స్క్రీన్‌షాట్ పంపితే రీచార్జ్ చేయిస్తామనో, లక్కీ డ్రా అనో పెడితే ఆ పోటీదారుణ్ణి పిలిచి మాట్లాడతాం, ఆపకపోతే తీసేస్తాం. ఒకరి అభిమానులు అలాంటి పోస్టు పెడితే ఆ సృష్టికర్త తనే చూసి అరగంటలో తీయించేశారు. ఓట్ల లెక్క ఎప్పటికప్పుడు చూపించే బోర్డు పెట్టమని చాలామంది అడిగారు, ఫోన్ చేసి “అన్నా, మనకెన్ని పడ్డాయి?” అని అడిగేవాళ్లకి కూడా లెక్కలేదు. పెట్టం, చెప్పం. బోర్డు కనిపిస్తే వెనకపడినవాళ్లు గ్రూపులు కదిలిస్తారు, ముందున్నవాళ్లు ఇంకా కదిలిస్తారు, పని చూసేవాళ్లు ఎవరూ మిగలరు.

ఓటింగ్ మధ్యలో ఒక రాత్రి ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) నుంచి వరసగా బోలెడు ఓట్లు వచ్చాయి. తమ్ముడు కంగారుపడి ఫోన్ చేశాడు. నేను ఆగమన్నాను. మన దేశంలో మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకి పంచుతాయి, కాబట్టి ఐపీ ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకడే అనలేం. ఓట్లు విప్పి చూస్తే ప్రాధాన్యాలు ఒక్కొక్కటి ఒక్కోలా ఉన్నాయి, మధ్యలో గ్యాప్‌లు సహజంగా ఉన్నాయి, కోడ్ అడిగి మానేసినవాళ్లూ ఉన్నారు. మెయిల్ చేసి అడిగితే హాస్టల్ పిల్లలు, ఒకరి లాప్‌టాప్‌లో షార్ట్ ఫిల్ములన్నీ కలిసి చూసి వేశారట. ఆ ఓట్లన్నీ ఉంచాం. ఇంకోచోట ఒక సొంత డొమైన్ మెయిళ్లతో, సెకన్ల తేడాతో, అన్నీ ఒక్క పేరుకే 1 వేసి మిగతావి ఖాళీగా వదిలిన గుత్తి ఒకటి దొరికింది. రూల్స్‌లో ముందే రాసిన కారణం కిందకి వచ్చింది కాబట్టి కొట్టేశాం, ఎందుకు కొట్టేశామో ఆ మెయిళ్లకి జవాబిచ్చి అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు ఇచ్చాం. ఎవరూ రాలేదు.

జూన్: డబ్బు, ట్రోఫీ, లెక్క

అమెరికాలో ఉన్న తెలుగు మిత్రుడు ప్రైజ్ మనీ మొత్తం తనే ఇస్తానన్నాడు. మంచి మనసు, కానీ అతను అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఎన్నారై అయినా భారత పౌరుడైతే సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందకి రాదు, విదేశీ పౌరుడైతే ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చేది) ఉన్నా వస్తుంది, దానికి విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ కింద రిజిస్ట్రేషన్ కావాలి. మాకు అది లేదు. అక్క ఈ సంగతి అతనికి ఓపిగ్గా చెప్పింది, పాపం కాస్త నొచ్చుకున్నాడు గానీ అర్థం చేసుకున్నాడు. డబ్బు బదులు ఫైనల్ పుస్తకాలు అక్కడి స్నేహితులతో చదివించి ఓటేయించే పని తీసుకున్నాడు, మాకు అదే ఎక్కువ. ప్రైజ్ మనీ ఇక్కడివాళ్ల చిన్న చిన్న చందాలతోనే నిండింది, ఎవరెంత ఇచ్చారో జాబితా పెట్టాం.

ట్రోఫీ ఏటికొప్పాకలో చేయించాం. గాజు పలక మీద పేరు చెక్కించి ఇచ్చే షీల్డులు మాకు వద్దనిపించింది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఆ ఊరు, అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సహజ రంగుల్ని మళ్లీ వాడకంలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కి, అది తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అదిమితే నునుపు వస్తుంది. మేం అడిగింది ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే చిన్న గిన్నెలు, ఒక్కోటి ఒక్కో రంగు. చేసిన పెద్దాయన నమూనా కింద పెట్టి, “అడుగు బరువు చాలదు బాబూ, గాలికి పడిపోతుంది” అని అడుగు గిన్నె మందం పెంచేశారు.

లెక్క రెండుసార్లు చేశాం. తమ్ముడి ప్రోగ్రామ్ ఒకటి, అక్క స్ప్రెడ్‌షీట్‌లో చేత్తో చేసింది ఒకటి, ఒకరిది ఒకరు చూడకుండా. కాగితం బ్యాలెట్లు ఇద్దరు బయటివాళ్ల ముందు విప్పి చదివించి ఎక్కించాం. రెండు లెక్కలూ ప్రతి రౌండులోనూ కలిశాయి. ఒక విభాగంలో మొదటి నుంచీ ముందున్నదే చివరిదాకా ముందుంది. ఇంకోదాంట్లో మొదటి ప్రాధాన్యాల్లో రెండో స్థానంలో ఉన్న పొలం పాటల పుస్తకం చివరి రౌండులో దాటిపోయింది, తీసేసిన రెండు పనులకి వేసినవాళ్లలో ఎక్కువమంది దాన్ని రెండో ఎంపికగా పెట్టారు. ఆ విభాగంలో ముందున్న యువకుడు ఫోన్ చేసి, “మొదటి ఓట్లు నాకే ఎక్కువ కదా అన్నా, ఇదెలా కుదురుతుంది?” అన్నాడు. అతని బాధ న్యాయమైనదే. రౌండ్ల పట్టిక ముందు పెట్టుకుని ఒక్కో దశా చెప్పాను, ఏ ఓటు ఎటు పోయిందో చూశాక శాంతించాడు. అతని కామిక్ రెండో భాగానికి విజ్ఞప్తి పెడుతున్నాడు, నేను ఇస్తున్నా.

రౌండ్ల పట్టికలు, కొట్టేసిన ఓట్ల సంఖ్య, కొట్టేసిన కారణం, పేర్లు లేకుండా బ్యాలెట్లు అన్నీ అందరికీ అందుబాటులో పెట్టాం, ఎవరైనా మళ్లీ లెక్క వేసుకోవచ్చు. ఓటర్ల మెయిల్ చిరునామాలు అభ్యంతరాల గడువు ముగిశాక చెరిపేస్తాం, 2023 డేటా రక్షణ చట్టం సంగతి అటుంచి, ఓటు కోసం ఇచ్చిన మెయిల్‌కి రేపు ఇంకేదో ప్రచారం పంపడం మర్యాద కాదు.

వచ్చే ఏడాదికి మార్చేవి మూడు రాసుకున్నాం. నామినేషన్ ఫామ్‌లో ‘ఇచ్చినవాళ్లకి చివరి అప్‌డేట్ ఎప్పుడు పంపారు’ అన్న ప్రశ్న. లైబ్రరీ ప్రదర్శనలు ఎక్కువ, అందులో ఉత్తరాంధ్ర, పాలమూరు తప్పకుండా. పూర్తి పుస్తకాలని ఆడియోలో చదివించి కళ్లు కనిపించని ఓటర్లకి ఇవ్వడం, దీనికి చదివే గొంతులు కావాలి. మీకు తీరిక ఉండి గట్టిగా చదివే అలవాటుంటే దసరాలోపు చెప్పండి, ఏ పుస్తకం ఎవరు చదవాలో అప్పుడు పంచుకుంటాం.